ఆకాశానికీ చరిత్ర ఉంది

తెలుగు కవిత్వంలో నక్షత్రాలకు కొదవ లేదు. ప్రేయసి కళ్ళు నక్షత్రాలు, అమరవీరులు నక్షత్రాలు, ఆశ ఒక నక్షత్రం, కన్నీటి బొట్టు ఒక నక్షత్రం. సమీక్షకు వచ్చే కవితాసంపుటాల్లో ఎన్నో ఏళ్ళుగా నేను గమనిస్తున్న సంగతి ఇది: అన్నీ నక్షత్రాలవుతున్నాయి గాని, నక్షత్రం మాత్రం ఎక్కడా నక్షత్రంగా కనిపించడం లేదు. పోలికకు ఆధారమైన వస్తువేమిటో రాసేవాడికి తెలియనప్పుడు ఆ పోలిక చదివేవాడికి కొత్తగా ఏమీ చూపించలేదు.

మాది కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 నుంచి జగ్గయ్యపేట, నందిగామలు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి గాని, మట్టి మారలేదు, పైరు మారలేదు. సాగర్ కాలవ నీళ్ళు అందిన చోట అందినట్టు, అందని చోట వాన మీద భారం వేసి పత్తీ మిరపా సాగుచేసే నేల ఇది. ఇక్కడి రైతు నోట ఇంగ్లీషు నెల కన్నా కార్తె ముందు వస్తుంది. రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు - ఇవన్నీ నక్షత్రాల పేర్లే. సూర్యుడు ఆ నక్షత్రం ఉన్న భాగంలో సంచరించినట్టు కనిపించే పదమూడు, పద్నాలుగు రోజుల కాలమే కార్తె. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. తొలకరి తడికి ఎర్రని మఖమలు ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు చేల గట్ల మీద కనబడతాయి. మన అభ్యుదయ కవి భాగవతుల సదాశివశంకర శాస్త్రి తన కలం పేరుగా తీసుకున్నదీ ఈ నక్షత్రం పేరే.

అయితే ఆరుద్ర కార్తెలో ఆరుద్ర నక్షత్రం కనిపించదు. ఆ రోజుల్లో సూర్యుడు దానికి దగ్గరగా ఉంటాడు కనుక పగటి వెలుగులో అది మునిగిపోతుంది. దాన్ని చూడాలంటే మాఘ ఫాల్గుణ మాసాల్లో రాత్రి తొలిజామున తల ఎత్తాలి. నడినెత్తికి కాస్త దక్షిణంగా నిప్పుకణిక రంగులో ఉంటుంది. ఇరవై ఏడు నక్షత్రాల పేర్లు గడగడా అప్పజెప్పే పిల్లలు నా తరగతిలో ఏటా ఉంటారు; ఆకాశంలో వాటిలో ఒక్కదాన్ని వేలు పెట్టి చూపించగలవాళ్ళు అరుదు. పేరు మిగిలింది, వస్తువు జారిపోయింది. సాహిత్యంలోనూ జరిగింది ఇదే.

ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్నది ఆ వస్తువును మళ్ళీ పేరు దగ్గరికి తీసుకురావడం. నక్షత్రం, గెలాక్సీ, విస్తరించే విశ్వం - ఈ మూడు మాటలకు అర్థమేమిటి? అంతకన్నా ముఖ్యంగా, అది మనిషికి ఎలా తెలిసింది? తెలుగు చెప్పుకునే పంతులుకు ఈ విషయంతో పనేమిటన్న ప్రశ్నకు సమాధానం దారిలోనే దొరుకుతుందని నమ్మకం.

నందిగామ నుంచి జగ్గయ్యపేటకు

సూర్యుడు ఒక నక్షత్రం. నక్షత్రాలన్నీ సూర్యుళ్ళే. ఈ రెండు వాక్యాలు అందరికీ తెలిసినవే. కాని వీటి మధ్య ఉన్న దూరం మన ఊహకు అందదు. అందుకని ఒక చిన్న కొలత పెట్టుకుందాం.

సూర్యుణ్ణి ఒక గసగసాల గింజంత, అంటే ఒక మిల్లీమీటరు చేశామనుకోండి. ఆ లెక్కన భూమి బెత్తెడుకు కాస్త ఎక్కువ దూరంలో, కంటికి ఆనని ధూళికణంగా ఉంటుంది. గ్రహాల్లో చివరిదైన నెప్ట్యూన్ పది అడుగుల పైచిలుకు దూరంలో తిరుగుతుంది. అంటే గ్రహాలన్నీ మా బడిలో ఒక తరగతి గదిలో సరిపోతాయి. మరి మనకు అతి దగ్గరి నక్షత్రం ఎక్కడ ఉండాలి? ఇంచుమించు 29 కిలోమీటర్ల అవతల. గసగసాల గింజను నందిగామ బస్టాండులో పెడితే, రెండోది దాదాపుగా జగ్గయ్యపేటలో ఉంటుంది. మధ్య రోడ్డంతా ఖాళీ.

కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. సూర్యుడి నుంచి మనకు చేరడానికి దానికి 8 నిమిషాల పైన పడుతుంది. ఏడాదిలో అది పోయే దూరాన్ని కాంతి సంవత్సరం అంటాం. అది సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు. పేరులో సంవత్సరం ఉన్నా అది దూరానికి కొలతే గాని కాలానికి కాదు. 'ఎన్నో కాంతి సంవత్సరాలుగా ఎదురుచూస్తున్నాను' అని రాసే యువకవులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే నాబోటి వాళ్ళకు ఎర్రసిరా ఆదా అవుతుంది. మన సమీప నక్షత్రం 4 కాంతి సంవత్సరాల పైన ఉంది. ఆరుద్ర సుమారు ఐదారు వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ దూరపు లెక్కలో ఇంకా తేడాలున్నాయి. ఆరుద్రను తెచ్చి సూర్యుడి స్థానంలో నిలిపితే మన భూమినే కాదు, అంగారకుడి కక్ష్యను కూడా మింగేస్తుంది. అంత పెద్దది.

గుంటూరులో కనిపించిన పసుపు గీత

ఇంత దూరాన ఉన్న వస్తువు దేనితో తయారైందో ఎలా తెలుస్తుంది? పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో పెద్ద పెద్ద తత్వవేత్తలే ఇది మనిషికి ఎన్నటికీ తెలియదన్నారు. తెలిసిన దారుల్లో ఒకటి మన పక్కనుంచే పోయింది.

దిష్టి తీసిన ఉప్పు నిప్పుల్లో పడ్డప్పుడు మంట పసుపురంగుకు తిరగడం మనందరం చూసిందే. ఉప్పులో ఉన్న సోడియం ఇచ్చే రంగు అది. ప్రతి మూలకమూ వేడెక్కినప్పుడు తనవైన కొన్ని రంగుల్లోనే వెలుగుతుంది. ఆ వెలుగును పట్టకం గుండా పంపితే ఆ రంగులు సన్నని గీతలుగా విడిపడతాయి. మనిషికి వేలిముద్రల్లాగా మూలకానికి ఆ గీతలు. 1859 ప్రాంతంలో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ ఈ సూత్రాన్ని స్థిరపరిచారు. ఆ తరువాత కాంతి అందితే చాలు, వస్తువును చేత్తో తాకనక్కర్లేదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం కృష్ణా, గుంటూరు ప్రాంతాల మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు పనిముట్లు మోసుకొచ్చి గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో నిలిచాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పిన కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున లేచే ఎర్రని జ్వాలలను వర్ణపటంలో చూశారు. అవి మండే వాయువులని తేలిపోయింది. మర్నాడు, గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూసే ఉపాయాన్ని జాన్సెన్ గుంటూరులోనే సాధించాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ స్వతంత్రంగా అదే పద్ధతికి వచ్చాడు. ఆ జ్వాలల్లో కనిపించిన ఒక పసుపు గీత సోడియం గీతకు సరిపోవడం లేదని గుర్తించి, భూమ్మీద ఎవరూ ఎరగని ఆ మూలకానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. అది భూమ్మీద దొరికింది 1895లో, ర్యామ్సే ప్రయోగశాలలో. ఒక మూలకం ముందు ఆకాశంలో దొరికి, పాతికేళ్ళ తరువాత నేల మీద దొరకడం శాస్త్రచరిత్రలో అపూర్వం.

ఈ గీతల భాషకు వ్యాకరణం రాసినవాడు మన దేశస్థుడు మేఘనాద్ సాహా. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏ మూలకం గీతలు ఎంత బలంగా కనబడతాయో ఆయన సమీకరణం 1920లో తేల్చింది. దాన్ని ఆధారం చేసుకొని 1925లో సిసీలియా పేన్ అనే యువతి నక్షత్రాలు ముఖ్యంగా హైడ్రోజన్‌తో, కొంత హీలియంతో తయారైనవని లెక్కగట్టింది. ఆనాటి పెద్దలు నమ్మలేదు. రసెల్ అనే ప్రముఖుడి మాట మీద తన ఫలితం బహుశా వాస్తవం కాదని ఆమె సిద్ధాంతవ్యాసంలో రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళకు ఆ రసెలే ఆమె చెప్పింది నిజమని ఒప్పుకున్నాడు.

సున్నపురాయిలో నక్షత్రం

నక్షత్రం ఒక కొలిమి. సూర్యుడి నడుమ ఉష్ణోగ్రత సుమారు కోటిన్నర డిగ్రీలు. అక్కడ సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. ఆ క్రమంలో 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యం శక్తిగా వెలువడుతోంది. మనం ఎండ అంటున్నది దాన్నే. తన బరువుకు తానే లోపలికి కుంగిపోదామనే గురుత్వాకర్షణకూ, బయటికి తన్నే ఒత్తిడికీ మధ్య నిత్యం జరిగే సంఘర్షణే నక్షత్రం బతుకు. సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్ళు. ఇంకా 500 కోట్ల ఏళ్ళ తరువాత ఇంధనం తగ్గి, ఉబ్బి, ఎర్రబడి, పైపొరలు వదిలేసి, చివరికి భూమంత చిన్న తెల్లని బొగ్గుకణికగా మిగులుతాడు. ఆరుద్ర వంటి భారీ నక్షత్రాల బతుకు ఇంత నెమ్మది కాదు. కోటి ఏళ్ళ వయసైనా లేని ఆరుద్ర ఇప్పటికే ముదిమికి వచ్చింది. 2019 చివర, 2020 మొదట్లో అది బాగా మసకబారితే పేలబోతోందని కొందరు అనుకున్నారు. దాని నుంచి వెలువడిన ధూళి అడ్డుపడడం అందుకు ముఖ్య కారణమని తరువాత తెలిసింది. అయినా రానున్న లక్ష ఏళ్ళలోగా అది పేలిపోవలసిందే.

ఆ పేలుళ్ళు లేకపోతే మనం లేము. 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హాయిల్ కలిసి రాసిన వ్యాసం ఈ సంగతిని వివరంగా నిరూపించింది. కార్బన్, ఆక్సిజన్, కాల్షియం, ఇనుము నక్షత్రాల్లో వండినవే. ఆ నక్షత్రాలు చనిపోతూ వెదజల్లిన బూడిదలోంచి తరువాతి తరం నక్షత్రాలు, గ్రహాలు, చెట్లు, మనుషులు వచ్చారు.

మా జగ్గయ్యపేట చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. అందుకే ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. ఊరి పక్క ధనంబోడు మీద రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపం ఉంది. 1882లో బర్జెస్ తవ్వించి బయటపెట్టాడు. అక్కడి మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ శిల్పం చెక్కిన సున్నపురాతిలోని కాల్షియం, సిమెంటు బస్తాలోని కాల్షియం, ఆ బస్తా మోసే కూలీ వెన్నెముకలోని కాల్షియం - మూడూ సూర్యుడు పుట్టకముందే ఆరిపోయిన నక్షత్రాల నుంచి వచ్చాయి. ఇది కవి చమత్కారం అనుకోకండి. రసాయనశాస్త్రం చెప్పే వాస్తవం.

పాత ఉత్తరాలు

దూరం నుంచి వచ్చే కాంతి పాత కాంతి. పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తికల గుంపు మనకు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ రాత్రి మనం చూసే కృత్తికల వెలుగు బయలుదేరిన నాటికి హైదరాబాదు నగరం ఇంకా పుట్టలేదు. దానికి శంకుస్థాపన జరిగింది 1591లో. ఆరుద్ర నుంచి బయలుదేరిన వెలుగు ఒక వందేళ్ళు అటూ ఇటూగా శ్రీనాథుడు కొండవీట్లో ఉన్న నాటిది. ఆకాశంలో మనం చూస్తున్నది ఒకే క్షణాన్ని కాదు. వేరువేరు శతాబ్దాలలో వేసిన ఉత్తరాలు ఒకే రాత్రి మన గుమ్మంలో పడుతున్నాయి. దూరంగా చూడడమంటే వెనక్కి చూడడమే. చరిత్రకారుడికి శాసనాలు ఎలాంటివో ఖగోళశాస్త్రజ్ఞుడికి కాంతి అలాంటిది. తేడా ఏమిటంటే, చరిత్రకారుడు గతాన్ని ఊహించుకోవాలి, ఖగోళశాస్త్రజ్ఞుడు దాన్ని నేరుగా చూస్తాడు.

పాలపుంత

పుంత అంటే చేల మధ్య బండ్లు నడిచే బాట. రాత్రి ఆకాశంలో పాలు ఒలికినట్టు అడ్డంగా కనబడే తెల్లని చారకు పాలపుంత అన్న పేరు ఎంత చక్కగా అతికిందో చూడండి. గెలాక్సీ అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికీ పాలే అర్థం. 1610లో గెలీలియో దూరదర్శినితో చూసి ఆ పాలు లెక్కలేనన్ని నక్షత్రాలని చెప్పాడు. ఇవాళ మనకు తెలిసినంతలో పాలపుంత సుమారు లక్ష కాంతి సంవత్సరాల వెడల్పున్న పళ్ళెం. అందులో పదివేల కోట్ల నుంచి నలభైవేల కోట్ల దాకా నక్షత్రాలున్నాయని అంచనా. సూర్యుడు నడుమ నుంచి 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఒక మామూలు చోట ఉన్నాడు. చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి ఇరవై కోట్ల ఏళ్ళ పైన పడుతుంది. మన గసగసాల లెక్కన చూస్తే ఈ పళ్ళెం భూమికీ చంద్రుడికీ ఉన్న దూరానికి దాదాపు రెండింతలవుతుంది.

ఈ నక్షత్రాల జనాభా లెక్కల్లో తెలుగునేలకూ వాటా ఉంది. 1901లో హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆకాశాన్నంతా ఫోటోలు తీసి పటం గీయాలన్న అంతర్జాతీయ పథకంలో తన వంతు భాగాన్ని తీసుకొని లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది. ఆ వేధశాల ఉద్యోగి కొడుకు వేణు బాపు. హైదరాబాదులో పెరిగి, 1949లో హార్వర్డులో ఉండగా ఇద్దరు సహచరులతో కలిసి తోకచుక్కను కనుగొని, 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద ప్రశ్న ఒకటుండేది: పాలపుంతే విశ్వమా? లేక దాని బయట ఇంకేమైనా ఉందా? ఉత్తరాభాద్ర వైపు కంటికి మసకగా కనబడే ఆండ్రోమెడా నీహారిక మన లోపలిదా, బయటిదా? తీర్పు చెప్పడానికి దూరం కొలవాలి. దానికి కొలబద్ద ఇచ్చింది హెన్రియెట్టా లెవిట్. ఫోటో పలకల మీద చుక్కలు లెక్కపెట్టే తక్కువ జీతపు పనిలో ఉన్న ఆమె, ఒక రకం నక్షత్రాలు ఎంత నెమ్మదిగా వెలిగి మలుగుతుంటే వాటి అసలు వెలుగు అంత ఎక్కువని 1912 నాటికి తేల్చింది. బల్బు ఎన్ని వాట్లదో తెలిస్తే, అది ఎంత మసకగా కనబడుతోందన్న దాన్నిబట్టి ఎంత దూరాన ఉందో చెప్పవచ్చు గదా! 1923లో హబుల్ ఆండ్రోమెడాలో అలాంటి నక్షత్రాన్ని పట్టుకున్నాడు. అది పాలపుంతకు ఎంతో బయట ఉంది. ఇప్పటి లెక్క ప్రకారం 25 లక్షల కాంతి సంవత్సరాలు. ఆ నీహారిక మరొక పాలపుంత. అలాంటివి వేల వేల కోట్లు ఉన్నాయి. మనిషి విశ్వం ఒక్కసారిగా ఊరి పొలిమేర దాటింది.

సాగుతున్న పట్టీ

హైదరాబాదు - విజయవాడ రోడ్డు పక్కన నిలబడండి. హారన్ కొడుతూ దూసుకువచ్చే లారీ మనల్ని దాటిపోగానే హారన్ శ్రుతి దిగిపోతుంది. దూరమవుతున్న లారీ ధ్వనితరంగాలు సాగి మనకు చేరతాయి. కాంతి విషయంలోనూ దూరమయ్యే వస్తువు గీతలు వర్ణపటంలో ఎరుపు వైపు జరుగుతాయి. గుంటూరులో మూలకాన్ని పట్టిచ్చిన ఆ గీతలే ఇప్పుడు చలనాన్ని పట్టిచ్చాయి. 1912 నుంచి స్లైఫర్ గెలాక్సీల వర్ణపటాలు తీసి చూస్తే చాలావాటి గీతలు ఎరుపు వైపే జరిగి ఉన్నాయి. 1929లో హబుల్ దూరాలనూ వేగాలనూ పక్కపక్కన పెట్టాడు. ఎంత దూరాన ఉన్న గెలాక్సీ అంత వేగంగా దూరమవుతోంది.

అంటే మనమేదో మధ్యలో ఉన్నాం, అన్నీ మన నుంచి పారిపోతున్నాయని అర్థమా? కాదు. సాగే రబ్బరు పట్టీ మీద అంగుళానికొక చుక్క పెట్టండి. పట్టీని రెట్టింపుకు సాగదీయండి. ఏ చుక్క మీద కూర్చొని చూసినా, అంగుళం దూరంలోనిది రెండంగుళాలకు పోతుంది. రెండంగుళాల దూరంలోనిది నాలుగుకు, మూడంగుళాలది ఆరుకు పోతుంది. దూరపు చుక్క ఎక్కువ జరిగింది, దగ్గరి చుక్క తక్కువ జరిగింది. మధ్య అన్నది ఎక్కడా లేదు. లారీ పోలిక ఇక్కడ చాలదు: గెలాక్సీలు ఖాళీలో పరుగెత్తడం కన్నా, వాటి మధ్య దూరమే సాగుతోందనడం సరైన మాట. దారిలో ఉన్న కాంతి కూడా ఆ సాగుడుకు సాగి ఎర్రబడుతుంది. అయితే గురుత్వాకర్షణతో గట్టిగా కట్టుబడిన సౌరకుటుంబం, పాలపుంత సాగవు. ఆండ్రోమెడా ఐతే మన వైపే వస్తోంది.

ప్రతి 10 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి ఈ వేగం సెకనుకు 20 నుంచి 22 కిలోమీటర్ల దాకా పెరుగుతుందని ఇప్పటి కొలతలు చెబుతున్నాయి. ఆ దూరాన్ని ఆ వేగంతో భాగిస్తే సుమారు 1400 కోట్ల ఏళ్ళు వస్తుంది. అన్ని సవరణలతో లెక్కగట్టిన విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్ళు. హబుల్ మొదటి లెక్కలో దూరాలు తక్కువగా ఉండడంతో విశ్వం వయసు 200 కోట్ల ఏళ్ళే వచ్చింది. అది భూమి వయసు కన్నా తక్కువ! ఆ తప్పు 1950లలో దిద్దుబాటయింది.

వెనక్కి పోతే విశ్వమంతా అతి వేడిగా, అతి దట్టంగా ఉండి ఉండాలి. ఆ తొలి కొద్ది నిమిషాల్లోనే హీలియంలో అత్యధిక భాగం తయారయిందని 1948లో గామోవ్, ఆల్ఫర్‌ల లెక్కలతో మొదలైన పరిశోధన తేల్చింది. విశ్వంలో మామూలు పదార్థం బరువులో పావు వంతు హీలియమే. గుంటూరు గ్రహణంలో వెలిగిన ఆ పసుపు గీత వెనక ఇంత కథ ఉంది. ఆనాటి వేడి చల్లారి ఇప్పటికీ విశ్వమంతా పరచుకొని ఉండాలి. 1965లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ తమ రేడియో ఆంటెన్నాలో ఎంతకీ పోని గురగుర శబ్దం ఎక్కడిదో తెలియక పావురాల రెట్టలు కూడా కడిగి చూశారు. అది ఆ తొలి వెలుగు శేషం. ఛానెల్ లేనప్పుడు పాత టీవీల తెర మీద కురిసే తెల్లని చుక్కల్లో కొద్ది పాలు దానిదే.

కథ ఇంతటితో అయిపోలేదు. విస్తరణ మందగించకపోగా వేగం పుంజుకుంటోందని 1998లో తెలిసింది. దానికి కారణమైన దాన్ని కృష్ణశక్తి అంటున్నారు. విశ్వంలో అది దాదాపు 68 శాతం, కంటికి కనపడని కృష్ణపదార్థం 27 శాతం, మనకు తెలిసిన పదార్థం 5 శాతం మాత్రమే. ఆ 95 శాతం ఏమిటో ఇంకా తేలలేదు.

రెండు పీఠాల తీర్పులు

అభ్యుదయ రచయితలుగా మనం ప్రత్యేకంగా తెలుసుకోవలసిన అధ్యాయం ఒకటి ఉంది. విశ్వం స్థిరంగా ఉండనక్కర్లేదని ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి మొదట రాబట్టినవాడు సోవియట్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్, 1922లో, పెట్రోగ్రాడ్‌లో. 37 ఏళ్ళకే చనిపోయాడు. 1927లో బెల్జియం మతగురువు లెమైత్ర్ స్వతంత్రంగా అదే చెప్పాడు. ఆ తరువాత ఏం జరిగింది? ఫ్రీడ్‌మన్ పుట్టిన దేశంలోనే, విశ్వానికి ఆరంభం ఉందనడం సృష్టివాదానికి దొడ్డిదారి అని అధికార తత్వవేత్తలు అనుమానించారు. సాహిత్యం మీద ఉపన్యాసాల ద్వారా మనవాళ్ళకు పరిచితుడైన జ్దానోవ్ 1947లో తత్వశాస్త్ర చర్చలో ఈ ధోరణి మీద విరుచుకుపడ్డాడు. 1951లో రోములో పోప్ 12వ పయస్ అదే సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా ఎత్తుకున్నాడు. ఇబ్బంది పడ్డవాడు లెమైత్ర్. తాను స్వయంగా మతగురువై ఉండి, తన సిద్ధాంతానికి మతంతో సంబంధం లేదనే నిలబడ్డాడు.

ఒక పీఠం కాదన్నది, ఒక పీఠం ఔనన్నది. ఇద్దరూ చేసిన పొరపాటు ఒకటే: దూరదర్శిని కన్నా ముందు తమ గ్రంథాన్ని సంప్రదించారు. విశ్వాన్ని గురించి తీర్పు చెప్పింది 1929 నాటి గీతలు, 1965 నాటి గురగుర. హాయిల్, మన జయంత్ నార్లికర్ వంటివాళ్ళు మహావిస్ఫోటన సిద్ధాంతాన్ని వ్యతిరేకించారు. కాని వాళ్ళు వ్యతిరేకించింది సమీకరణాలతో, పరిశీలనలతో. అది శాస్త్రం లోపలి తగువు, ఆరోగ్యకరమైన తగువు. సోవియట్ దేశంలోనూ 1960ల నుంచి జెల్డోవిచ్ వంటివాళ్ళు ఈ రంగాన్ని ఎంతో ముందుకు తీసుకుపోయారు. భౌతికవాదం అంటే భౌతిక వాస్తవానికి తలవంచడమేగాని, దానికి మన సిద్ధాంతం చొక్కా తొడగడం కాదు. ఇదే గీటురాయి 'ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో చెప్పారు' అనే పెద్దలకూ వర్తిస్తుంది. క్రీ.శ. 499లో భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని తర్కించి చెప్పిన ఆర్యభటుడి వారసులం మనం. లేని గొప్పలు అతికించుకుంటే ఉన్న గొప్ప చిన్నదవుతుంది.

రచయిత పని

1868లో గుంటూరు గ్రహణం ఒక మూలకాన్ని పట్టిచ్చే దారి చూపింది. 1980 ఫిబ్రవరి 16న మళ్ళీ సంపూర్ణ గ్రహణపు నీడ తెలుగునేల మీదుగా, జపాల్ - రంగాపూర్ వేధశాల మీదుగా పోయింది. అక్కడ శాస్త్రజ్ఞులు దూరదర్శినులు ఎక్కుపెట్టి ఉంటే, ఊళ్ళలో వీధులు నిర్మానుష్యమయ్యాయని, తలుపులు బిగించి గర్భిణులను చీకటి గదుల్లో కూర్చోబెట్టారని మా పెద్దలు చెబుతారు. నూటపన్నెండేళ్ళలో శాస్త్రం సూర్యుడి గుండెను చదివింది, ఆ చదువు మన ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆ గుమ్మం దాటించడం కొంత బడిపంతుళ్ళ పని, చాలావరకు రచయితల పని.

చేయగలమనడానికి మనకు పూర్వుడున్నాడు. 1910లో హేలీ తోకచుక్కను చూసి లోకం బెదిరినప్పుడు గురజాడ 'ముత్యాల సరములు'లో దాన్ని అపశకునంగా చూడలేదు, సంస్కరణకు గుర్తుగా చూశాడు. తోకచుక్క అంటే ఏమిటో తెలిసినవాడు గనుకనే దాన్ని భయం నుంచి విడిపించి కవిత్వంలోకి తేగలిగాడు.

మన పాత ప్రతీకలనే తీసుకోండి. ధ్రువుడు చలించనివాడని అంటాం. భూమి అక్షం బొంగరంలా 26 వేల ఏళ్ళకొకసారి చుట్టు తిరుగుతుంది గనుక ధ్రువస్థానం చేతులు మారుతూ ఉంటుంది. సుమారు పన్నెండువేల ఏళ్ళకు అభిజిత్తు ఆ స్థానానికి దగ్గరవుతుంది. పెళ్ళిళ్ళలో పట్టపగలు కూడా వేలెత్తి చూపించే అరుంధతీ వసిష్ఠులు ఇద్దరు కారు. దూరదర్శినుల్లో లెక్క తేలేసరికి ఆరు నక్షత్రాలయ్యాయి. స్థిరత్వానికి గుర్తులుగా మనం ఎంచుకున్నవన్నీ కదులుతున్నాయి, పుడుతున్నాయి, ముసలివవుతున్నాయి. సమాజం మారదు, కులం మారదు, లోకం తీరింతే అని నమ్మించాలనుకున్నవాళ్ళు ఎప్పుడూ ఆకాశాన్నే సాక్ష్యానికి పిలిచారు. ఆ సాక్షి ఇవాళ వాళ్ళ పక్షాన మాట్లాడటం లేదు. అంతమాత్రాన అది మన పక్షాన నినాదాలు ఇస్తుందనీ కాదు. నక్షత్రాలకు పక్షం లేదు. వాటికి చరిత్ర ఉంది. ఆ చరిత్రను చదివింది మనిషి - పట్టకంతో, ఫోటో పలకతో, తక్కువ జీతానికి చుక్కలు లెక్కపెట్టిన స్త్రీల ఓపికతో. అభ్యుదయ సాహిత్యానికి ఇంతకన్నా పెద్ద ఇతివృత్తం ఏముంటుంది?

అందుకని సాహిత్య విద్యార్థులకు నా విన్నపం ఒకటే. ఈసారి కవితలో నక్షత్రం అని రాసేముందు, ఏ నక్షత్రమో ఒక్కసారి బయటికి వచ్చి చూడండి. దాని రంగు చూడండి, ఆ వెలుగు ఏ నాటిదో తెలుసుకోండి. ఆ తరువాత కలం పట్టండి.